ప్రసంగాలు ఇంట్లోనూ చూడొచ్చు: హాంబర్గ్ 38సీ3 యాత్ర

కంప్యూటర్ హ్యాకర్ల సభ కోసం వెళ్లి బెర్గెడోర్ఫ్‌లో గది తీసుకోవడం నా పొరపాటు. జర్మనీలోని హాంబర్గ్‌కి ఆగ్నేయాన ఉన్న పేట అది. అక్కడ ఎస్-బాన్ లోకల్ రైలు ఎక్కితే ఎక్కడా మారకుండా అరగంటలో డామ్‌టోర్ స్టేషన్‌లో దిగొచ్చు. స్టేషన్ బయటికి వస్తే ఎదురుగానే సభ జరిగే సీసీహెచ్ (కాంగ్రెస్ సెంటర్ హాంబర్గ్) భవనం. ఊరి మధ్య హోటళ్ల ధరలో సగానికే అక్కడ గది దొరికింది. లెక్క బాగానే ఉందనిపించింది. కానీ ఈ సభ నాలుగు రోజులూ రాత్రింబవళ్లు నడుస్తుందని, అసలు సందడి రాత్రి పదకొండు దాటాకే మొదలవుతుందని ఆ లెక్కలో వేసుకోలేదు.

నేను వెళ్లింది 38వ కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌కి. అందరూ 38సీ3 అంటారు. 2024 డిసెంబర్ 27 నుంచి 30 దాకా జరిగింది. 1981లో మొదలైన కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం దీన్ని నడుపుతుంది. మొదటి సభ 1984లో ఈ ఊళ్లోనే జరిగింది. తర్వాత చాలా ఏళ్లు బెర్లిన్‌లో, కొన్నేళ్లు లైప్‌జిగ్‌లో పెట్టి, 2023లో మళ్లీ హాంబర్గ్‌కి తెచ్చారు. ఇక్కడ కంపెనీల స్టాళ్లు ఉండవు, స్పాన్సర్ల బ్యానర్లు ఉండవు. తలుపు దగ్గర నిలబడే మనిషి నుంచి కెమెరా తిప్పే మనిషి దాకా అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే, వాళ్లూ టికెట్ కొనుక్కునే వస్తారు. నాకు ఈ సభ మీద అంత ఇష్టం కలగడానికి ఇదే కారణం.

టికెట్ సంగతి ముందు చెప్పాలి. ముందుగా క్లబ్బుకు దగ్గరి బృందాలకు టికెట్ కొనుక్కునే వోచర్లు వెళ్తాయి. మిగిలినవి విడతలుగా అమ్మకానికి వస్తాయి, నిమిషాల్లో అయిపోతాయి. నాకు రెండో విడతలో దొరికింది. అప్పటికే వీసా చేతిలో ఉండబట్టి టెన్షన్ లేదు. షెంగెన్ వీసా (ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, కనీసం 30 వేల యూరోల వైద్య బీమా కూడా చూపించాలి. టికెట్ దొరికాక వీసా సంగతి చూద్దామనుకుంటే సమయం చాలదు, కాబట్టి నేను మామూలు పర్యాటక వీసాకే ముందుగా పెట్టుకున్నాను.

26న సాయంత్రం దిగాను. జర్మనీలో 25, 26 రెండూ సెలవులే. ఊళ్లో సూపర్‌మార్కెట్లన్నీ మూసేశారు. హాంబర్గ్ ప్రధాన స్టేషన్‌లోని వాండెల్‌హాలెలో మాత్రం దుకాణాలు తెరిచి ఉన్నాయి. రొట్టె, పండ్లు, పెరుగు అక్కడే కొనుక్కున్నాను. ఆదివారాలూ ఇదే పరిస్థితి, ఆ ఏడు 29న ఆదివారం వచ్చింది, గుర్తుంచుకోండి. హోటల్‌కి చేరేసరికి రిసెప్షన్‌లో మనిషి లేడు. మెయిల్‌లో పంపిన తలుపు కోడ్ పనిచేయలేదు. ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. సన్నటి వానలో నలభై నిమిషాలు నిలబడ్డాక, లోపల ఉన్న ఒక అతిథి తలుపు తీశాడు. గది శుభ్రంగానే ఉంది, హీటర్ బాగా పనిచేసింది. కానీ చలికాలంలో, సెలవు రోజున, మనిషి లేని రిసెప్షన్ ఉన్న చోట నేను మళ్లీ దిగను.

ఆ రాత్రే సభకు వెళ్లి టికెట్ చూపించి చేతికి పట్టీ కట్టించుకుని ఉంటే బాగుండేది. 26 సాయంత్రం క్యూ చిన్నది. 27 పొద్దున వెళ్తే ఆరుబయట చలిలో నిలబడాలి, నేను అలాగే నిలబడ్డాను.

సీసీహెచ్ పెద్ద భవనం. లోపల సాల్ 1 అనే హాల్లో దాదాపు మూడు వేల మంది కూర్చోవచ్చు. దాని చుట్టూ మెట్లు, వసారాలు, చిన్న గదులు. వాటిలో ఎక్కడికక్కడ బల్లలు వేసుకుని కూర్చున్న బృందాలు: తాళాలు తీయడం నేర్పేవాళ్లు, తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ పిల్లల చేతికిచ్చి దగ్గరుండి చేయించేవాళ్లు, పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు బాగుచేసేవాళ్లు. ఈ బృందాల స్థలాలను అసెంబ్లీలు అంటారు. దారి తప్పడం ఖాయం. సభవాళ్లు తయారుచేసిన సీ3నావ్ అనే మ్యాప్ ఏ మెట్లెక్కాలో, ఏ తలుపులోంచి వెళ్లాలో చెబుతుంది. నేను దాన్నే నమ్ముకున్నాను.

సేవల విషయంలో ఈ సభకు నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. వైఫైకి ఏ పేరు, ఏ పాస్‌వర్డ్ కొట్టినా కలుస్తుంది, కానీ ప్రతి ఒక్కరి కనెక్షన్ విడివిడిగా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. మనమెవరో అడగరు, మన రహస్యం మాత్రం కాపాడతారు. సభకు సొంత టెలిఫోన్ వ్యవస్థ కూడా ఉంది. ఇంట్లో వాడే కార్డ్‌లెస్ ఫోన్ తెచ్చుకుంటే దానికే నంబర్ ఇస్తారు. నా దగ్గర అది లేదు, మొబైల్‌లో సిప్ యాప్ (ఇంటర్నెట్ మీద కాల్స్ చేసేది) పెట్టుకుని నంబర్ తీసుకున్నాను. ఫోటోల విషయంలో నియమం గట్టిది: ఫ్రేములో కనబడే ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి. అందుకే నా దగ్గర చూపించడానికి ఒక్క ఫోటో కూడా లేదు. మొదట వెలితిగా అనిపించింది. రెండో రోజుకి, ఎవరూ ఫోన్ ఎత్తిపట్టుకోని చోట మనుషులు ఎంత తేలిగ్గా మాట్లాడతారో అర్థమైంది.

మొదటి రోజంతా హాల్ నుంచి హాల్‌కి పరిగెత్తాను. ఫోక్స్‌వాగన్ సంస్థకు చెందిన దాదాపు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల సమాచారం, అవి ఎక్కడ ఆగాయన్న వివరాలతో సహా, క్లౌడ్‌లో రక్షణ లేకుండా పడి ఉందని బయటపెట్టిన ప్రసంగం జర్మన్‌లో జరిగింది. స్వచ్ఛంద అనువాదకులు అప్పటికప్పుడు ఇంగ్లీషులో చెబుతుంటే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. అనువాదం చాలా బాగుంది. కానీ అర్ధరాత్రి దాటాక బెర్గెడోర్ఫ్ రైల్లో కూర్చుని చూస్తే, ఆ రోజు విన్న ప్రసంగాల రికార్డింగులు ఒక్కొక్కటిగా సభ వీడియో సైట్‌లోకి వచ్చేస్తున్నాయి. వీటి కోసమే అయితే ఇంత దూరం రావక్కర్లేదు కదా అనిపించింది. వెనక వదిలేసి వచ్చిన భవనంలో మాత్రం జనం ఇంకా కూర్చునే ఉన్నారు.

28న బస మార్చేశాను. డామ్‌టోర్ నుంచి పావుగంట నడిస్తే వచ్చే ష్టెర్న్‌షాంట్సె వైపు ఒక హాస్టల్లో, ఆరుగురు పడుకునే గదిలో మంచం దొరికింది. గురకలు ఉన్నాయి, బాత్రూం దగ్గర క్యూ ఉంది, లాకర్‌కి తాళం మనమే తెచ్చుకోవాలి. అయినా గంటన్నర నిద్రపోవడానికి వెళ్లి మళ్లీ రాగలిగాను. డబ్బుకు వెనకాడని వాళ్లకు సభ పక్కనే పెద్ద హోటల్ ఉంది, నెలల ముందే నిండిపోతుంది. ఒంటరిగా వెళ్లే వాళ్లకు నా సలహా ఒకటే: నడిచి చేరగల దూరంలో చిన్న మంచమైనా, రైలెక్కాల్సిన పెద్ద గది కంటే నయం.

ఆ రోజే ఏంజెల్‌గా పేరు రాయించుకున్నాను. ఇక్కడ స్వచ్ఛంద సేవకులను ఏంజెల్స్ అని, వాళ్ల ఆఫీసును హెవెన్ అని పిలుస్తారు. ఒక పరిచయ సమావేశంలో కూర్చున్నాక, కావలసిన షిఫ్టు మనమే ఎంచుకోవచ్చు. షిఫ్టులు చేసేవాళ్లకు వంటశాలలో భోజనం ఉచితం, మాంసం లేని వంటకాలు ఎప్పుడూ ఉంటాయి. హాల్ బయట కౌంటర్లలో తిండి ధర ఎక్కువ, క్యూ పొడుగు. ఈ వంటశాలలో వేడివేడి పప్పు సూప్ ఒక్కటి ఆ చలికి ప్రాణం పోసింది.

నేను రాత్రి షిఫ్టులో ఖాళీ సీసాలు ఏరే పని తీసుకున్నాను. అందరూ తాగేది క్లబ్ మాటె, కెఫీన్ ఉన్న పానీయం. అరలీటరు గాజుసీసాలు మూలమూలనా పేరుకుంటాయి. నాతో పాటు బండి తోసిన ఆవిడ రైల్వే సిగ్నళ్ల మీద ముప్పై ఏళ్లు పనిచేశారట. పోలండ్‌లో నెవాగ్ కంపెనీ రైళ్లు బయటి వర్క్‌షాపులకు వెళ్లాక కదలకుండా మొరాయించడం, అక్కడ నిలిస్తే ఆగిపోయేలా వాటి సాఫ్ట్‌వేర్‌లో ఆ వర్క్‌షాపుల జీపీఎస్ స్థానాలు రాసి ఉన్నాయని ముగ్గురు పరిశోధకులు 2023 సభలో చూపించడం, కంపెనీ తోసిపుచ్చి కోర్టుకెళ్లడం నాకు తెలుసు. ఆ తర్వాతి కథ ఈసారి కూడా చెప్పారు. కానీ ఒక రైలు డిపోలో నిలిచిపోతే ఆ రోజు షెడ్యూలు ఎలా కుప్పకూలుతుందో, ప్లాట్‌ఫారం మీద ఎవరు తిట్లు తింటారో, మరమ్మతు హక్కు, అంటే తయారుచేసిన కంపెనీ కాక వేరేవాళ్లూ బాగుచేయగలగడం, రాత్రి డ్యూటీ మెకానిక్‌కి ఏమిటో ఆవిడ క్రేట్లు సర్దుతూ చెప్పారు. తెల్లవారుజామున నాలుగింటికి, నేల మీద కూర్చుని, ఒక క్రేటు మీద చాక్‌పీసుతో సిగ్నల్ బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆవిడ పేరు నేను అడగలేదు, ఆవిడా నన్ను అడగలేదు. ఈ యాత్రలో నాకు దక్కిన అతి పెద్ద పాఠం అది.

ఊరు చూడటానికి ఒక్క పూటే దొరికింది. 1911లో తెరిచిన పాత ఎల్బే సొరంగంలో నది కింద నడిచి అవతలికి వెళ్లొచ్చాను, నడిచేవాళ్లకు టికెట్ లేదు. మినియాటూర్ వుండర్‌లాండ్ అనే బొమ్మ రైళ్ల ప్రదర్శనకి ముందే బుక్ చేసుకోక లోపలికి వెళ్లలేకపోయాను. డిసెంబర్ చివర్లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, పగలు చూడాలనుకున్నవి పొద్దున్నే చూసేయండి.

30 సాయంత్రం ముగింపు సభ అవ్వగానే ఏర్పాట్లన్నీ విప్పే పని మొదలైంది. విమానం మర్నాడే కాబట్టి ఉండిపోయి రాత్రి పన్నెండు దాకా తీగలు చుట్టాను. తీగను మెలిక పడకుండా చుట్టడం ఒక అబ్బాయి ఓపిగ్గా మూడుసార్లు చేసి చూపించాడు. 31 పొద్దున సంచి భుజాన వేసుకుని డామ్‌టోర్‌లో రైలు కోసం నిలబడితే, సీసీహెచ్ అద్దాల వెనక లైట్లు ఇంకా వెలుగుతున్నాయి. నిచ్చెన మీద ఎవరో పైకప్పు నుంచి చివరి దీపాల దండ విప్పుతున్నారు, కింద ఇద్దరు చేతులు చాచి పట్టుకుంటున్నారు.