గ్రీకు బైబిలు చదవడానికి ఉచిత సైట్లలో ఏది మేలు?

సెమినరీ విద్యార్థులు, ఆదివారం ప్రసంగానికి సిద్ధపడే పాస్టర్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. కొత్త నిబంధనను గ్రీకు మూలంతో సరిచూసుకోవాలంటే, డబ్బు కట్టకుండా దొరికేవాటిలో బైబిల్ హబ్ మేలా, స్టెప్ బైబిలా, పెర్సియసా?

నేను ఒక్క పదం పట్టుకుని చూస్తాను. యోహాను 3:3లో యేసు నీకొదేము అనే యూదుల అధికారితో అన్న మాటను మన పాత అనువాదం “క్రొత్తగా జన్మించితేనే” అంటుంది. అక్కడున్న గ్రీకు మాట అనోథెన్. దానికి “మళ్లీ” అనీ, “పైనుండి” అనీ రెండు అర్థాలున్నాయి. కేంబ్రిడ్జ్‌లోని టిండేల్ హౌస్ అనే బైబిలు పరిశోధన సంస్థలో రూపొందిన స్టెప్ బైబిల్‌లో ఆ మాట నొక్కి వెతికితే, కొత్త నిబంధనలో అది వచ్చిన 13 చోట్లూ వరుసగా చూడవచ్చు. యోహాను సువార్తలోనే 5 ఉన్నాయి. అదే అధ్యాయం 31వ వచనంలో “పైనుండి వచ్చువాడు” అన్నచోట ఉన్నది ఈ మాటే. 19:23లో యేసు అంగీని కుట్టు లేకుండా పైనుండి నేశారన్నచోటా ఇదే. ఇవన్నీ చూశాక మళ్లీ నీకొదేము దగ్గరికి రండి. ఆయన “మళ్లీ” అన్న అర్థమే పట్టుకుని, రెండవమారు తల్లి గర్భంలోకి ఎలా వెళ్లాలని అడుగుతున్నాడు. “పైనుండి” అన్న అర్థం ఆయనకు తట్టలేదు. ఆ సంభాషణ అంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తోంది.

బైబిల్ హబ్‌లోనూ ఈ జాబితా దొరుకుతుంది. వేగంలో దానికి సాటి లేదు, తొందరలో ఉన్నప్పుడు నేనూ అదే తెరుస్తాను. కానీ ప్రతి పదం కిందా ఒక ఇంగ్లీషు అర్థం సిద్ధంగా ఉండడంతో చాలామంది అక్కడే ఆగిపోతారు. పదానికి అర్థం చెప్పేది అది వాడిన వాక్యాలే. అందుకే నా మొగ్గు స్టెప్ వైపు. పైగా ప్రాచీన గ్రీకుకు పేరున్న లిడెల్-స్కాట్ నిఘంటువు వివరణ కూడా అందులోనే ఉంది.

హోమర్, హెరొడోటస్ వంటి ప్రాచీన గ్రీకు రచయితలను చదివేవారికి టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారి పెర్సియస్ తప్పదు. నిఘంటువులు మాత్రమే కావాలంటే షికాగో వారి లోగియాన్ చాలు. హీబ్రూకు, మధ్యయుగపు యూదు పండితుడు రాషీ రాసిన వ్యాఖ్యానానికి సెఫారియా సైటు ఉంది.

నెట్ సరిగా అందని ఊళ్లో ఉన్నవారు స్టెప్‌ను ముందే కంప్యూటర్‌లోకి దించుకోండి. తర్వాత నెట్ లేకపోయినా పనిచేస్తుంది.