స్లిప్పర్ ఆర్కిడ్ కొంటున్నారా? పువ్వు కాదు, వేరు చూడండి

బెంగళూరులో మొక్కలు కొనే తెలుగువారికి ఒక హెచ్చరిక. "మొదటిసారి పెంచేవారికి కూడా చాలా సులువు" అంటూ కొందరు అమ్మకందారులు స్లిప్పర్ ఆర్కిడ్లను, అంటే చెప్పు ముందుభాగంలాంటి సంచి ఉన్న పువ్వు పూసే ఆర్కిడ్లను, పువ్వుతో సహా అంటగడుతున్నారు. అలాంటి ఒకరి దగ్గర రెండు వేలకు పైగా పెట్టి నేను కొన్న మొక్కకు వేళ్ళే లేవు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. అయినా ఇక్కడ పేరుకన్నా పద్ధతి తెలియడం ముఖ్యం. ఇదే పని రేపు ఇంకొకరు చేయవచ్చు.

ఈ మోసానికి పెట్టుబడి పువ్వే. స్లిప్పర్ ఆర్కిడ్ పువ్వు ఒకసారి విచ్చుకుంటే నెలన్నర, ఒక్కోసారి రెండు నెలలు కూడా ఉంటుంది. కోసి నీళ్ళలో పెట్టినా వారాల తరబడి వాడదు. అంటే వేళ్ళు తెగిన మొక్క మీద కూడా పువ్వు నిగనిగలాడుతూనే ఉంటుంది. అది రాలేసరికి ఆకులు ముడతలు పడి, మొక్క అటూ ఇటూ ఒరుగుతుంది. అప్పుడు ఫోను చేస్తే "నీళ్ళు ఎక్కువ పోసి ఉంటారు మేడమ్" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. నాకూ అదే చెప్పారు. కుండీ విప్పి తీసిన ఫొటోలు పంపాక మాత్రం ఫోను ఎత్తడం మానేశారు.

ఆ కుండీలో ఏముందో చెబుతాను. పైన అందం కోసం పచ్చటి నాచు. దాని కింద ముద్దగా తడిసిన కొబ్బరి పొట్టు. మధ్యలో స్పాంజి ముక్క. మొక్క పడిపోకుండా మొదలును సన్నని తీగతో ఒక పుల్లకు కట్టారు. వేళ్ళు ఉండాల్సిన చోట నల్లబడిన మొండేలు. అడుగు ఆకుల మీద ఎండిన లైకెన్ (చెట్ల బెరడు మీద పెరిగే నాచులాంటిది) మచ్చలు, ఎప్పుడో పురుగు కొట్టి మానిన చిల్లులు. నీడ వల కింద శ్రద్ధగా పెంచిన మొక్క ఇలా ఉండదు. దీన్ని ఎక్కడో అడవిలో పీకి తెచ్చారన్న అనుమానం నాకు బలంగా ఉంది.

ఆ అనుమానం చిన్నది కాదు. మన దుకాణాల్లో స్లిప్పర్ ఆర్కిడ్ పేరుతో దొరికేవి దాదాపు అన్నీ పాఫియోపెడిలం అనే ప్రజాతికి చెందినవి. ఈశాన్య కొండల్లో వీటి జాతులు చాలా ఉన్నాయి. దక్షిణాదిలో సహజంగా పెరిగేది ఒక్కటే, కేరళ తమిళనాడు సరిహద్దులో అగస్త్యమలై మీది పాఫియోపెడిలం డ్రూరీ. సేకరించేవారి ఆశకు అది అంతరించే అంచుకు వచ్చింది. 1990 నుంచి ఈ ప్రజాతి మొత్తం సైటీస్ అనే, ముప్పులో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉంది. అడవి నుంచి తెచ్చిన మొక్కలతో దేశాల మధ్య వ్యాపారం చేయకూడదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వీటిని రక్షిత మొక్కల జాబితాలో పెట్టింది. ఆ చట్టంలోని 17జి సెక్షన్ చాలామందికి తెలియదు. లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గర తప్ప ఇలాంటి మొక్కను కొనడం, తీసుకోవడం అది ఒప్పుకోదు. అమ్మినవాడితో పాటు కొన్నవారూ చిక్కుల్లో పడతారన్నమాట. అందుకే బిల్లు అడగండి, లైసెన్సు వివరాలు అడగండి. విదేశాల నుంచి సక్రమంగా వచ్చిన సంకర మొక్క అయితే దానికి సైటీస్ పత్రం, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. నేను అడిగితే "ఇంత చిన్న మొక్కకు కాగితాలెందుకమ్మా" అన్నారు.

పేరు కూడా అడగండి. నా కుండీ మీద చీటీలో "ఫ్యాన్సీ ఆర్కిడ్" అని మాత్రమే ఉంది. పేరు లేకపోతే మొక్క ఎంత వేడి తట్టుకుంటుందో తెలియదు. ఆకుల మీద లేత, ముదురు పచ్చ మచ్చలుంటే అది సాధారణంగా వెచ్చదనం కోరే రకం, బెంగళూరు వాతావరణానికి సరిపోతుంది. ఒకే పచ్చరంగు ఆకులున్న వాటిలో చాలావాటికి పూత రావాలంటే చల్లటి రాత్రులు కావాలి. చెన్నైలో ఉన్న మా చెల్లెలు ఒకే రంగు ఆకులున్నది చవగ్గా వస్తోందని ఫోను చేస్తే వద్దని చెప్పాను. అక్కడి రాత్రుల్లో అది బతికినా పూస్తుందన్న ఆశ పెట్టుకోలేం. ఇక "ప్రసిద్ధ రకానికి టిష్యూ కల్చర్ పిల్ల" అని, అంటే ప్రయోగశాలలో మొక్క ముక్క నుంచి పెంచిన నకలు అని, చవగ్గా ఇస్తామంటే అసలు నమ్మకండి. ఎదిగిన పాఫియోపెడిలంను టిష్యూ కల్చర్‌లో నకలు తీయడం వ్యాపార స్థాయిలో ఇప్పటికీ కుదరని పని. పిలక విడదీస్తేనే అదే రకం వస్తుంది, అందుకే అసలైన వాటికి అంత ధర.

డబ్బు చేతిలో పెట్టకముందే మొక్క మొదలు పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. వేళ్ళున్న మొక్క కుండీతో కలిసి కదులుతుంది, లేనిది విడిగా ఊగుతుంది. పైనున్న నాచు తొలగించి చూపమనండి. "వేళ్ళు కదిలితే చచ్చిపోతుంది" అని అడ్డుపడేవారి దగ్గర కొనకండి. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి, దుకాణాల్లో మామూలుగా కనిపించే ఫలెనాప్సిస్ అనే ఆర్కిడ్ వేళ్ళలా తెల్లగా ఉండాలని వెతక్కండి. స్లిప్పర్ ఆర్కిడ్ వేళ్ళు సహజంగానే గోధుమరంగులో, నూగుతో, తక్కువ సంఖ్యలో ఉంటాయి. రంగు చూడటం కాదు, నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే బతికున్నట్టు. పైపొర జారిపోయి లోపల దారం మిగిలితే కుళ్ళినట్టు. కొత్త పిలక ఉందో లేదో కూడా చూడండి. అరటిలాగే ఇదీ ఒక మొదలు నుంచి ఒక్కసారే పూస్తుంది, ఆ తర్వాతి పూత పిలకదే. పూసిన మొదలు ఒక్కటే ఉన్న కుండీని కొంటే ముందున్నది చాలా పెద్ద నిరీక్షణ. "ఏడాదంతా పూస్తుంది" అన్నమాట ఎలాంటిదో మీరే అనుకోండి.

మొక్కతో పాటు ఇచ్చిన సూచనల కాగితం ఇంకో ముప్పు. రోజూ ఆకుల మీద చల్లమన్నారు, ఎండలో పెట్టమన్నారు, నెలకోసారి డీఏపీ ఎరువు వేయమన్నారు. ఆ మూడూ చేస్తే మంచి మొక్క కూడా మిగలదు. ఆకుల నడుమ మొవ్వులో నీరు నిలిస్తే బాక్టీరియా చేరి కుళ్ళు రోజుల్లో మొక్కంతా పాకుతుంది. నీళ్ళు ఉదయం పూట కుండీలోని పదార్థానికే పోయాలి, మొవ్వులో పడితే కాగితంతో అద్దేయాలి. అలాగని డెండ్రోబియం అనే ఇంకో ఆర్కిడ్‌లా పూర్తిగా ఎండనివ్వకూడదు. డెండ్రోబియానికి నీరు దాచుకునే లావుపాటి కాడలుంటాయి, దీనికి అలాంటివేమీ లేవు. పైభాగం ఆరబోతుండగా, లోపల కాస్త తడి ఉండగానే మళ్ళీ పోయాలి. సన్నటి పైన్ బెరడు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు), కాస్త బొగ్గు కలిపిన మిశ్రమం సరిపోతుంది. ఏడాదికో రెండేళ్ళకో అది చివికిపోతుంది కాబట్టి మార్చాలి. ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు బాల్కనీ, అదీ పలచటి తెర వెనక, చాలు. ఎరువు అంటే ఆర్కిడ్లకు అమ్మేదాన్ని బాగా పలచన చేసి ఇవ్వడమే.

నీటి గురించి బెంగళూరు అపార్ట్‌మెంట్లవారు ప్రత్యేకంగా వినాలి. బోరు నీటి కఠినత్వం తగ్గించడానికి చాలా భవనాల్లో సాఫ్ట్‌నర్ పెట్టుకున్నాం. అది కాల్షియం తీసి సోడియం చేరుస్తుంది. మన జుట్టుకు నయమే కానీ ఈ వేళ్ళకు విషం. వాన నీళ్ళు పట్టుకోండి, లేదా ఆర్‌వో నీళ్ళు వాడండి.

నా మొక్క మొండేల్లో కుళ్ళినదంతా తీసేసి, తడిపి పిండిన స్ఫాగ్నం నాచులో పెట్టి, పారదర్శకమైన సంచి కప్పి నీడలో ఉంచాను. పక్కన ఒక చిన్న పిలక ఇంకా పచ్చగా ఉంది. వేరు పోస్తే దాని అదృష్టం.

ఇదే అమ్మకందారు ఇప్పుడు నీలం రంగు స్లిప్పర్ ఆర్కిడ్ విత్తనాల ప్యాకెట్లు కూడా పెట్టారు. అసలు నీలం స్లిప్పర్ ఆర్కిడ్ అనేదే లేదు. ఆర్కిడ్ విత్తనం ధూళిలా ఉంటుంది, అందులో మొలకకు కావలసిన ఆహారం ఉండదు. అడవిలో ఒక శిలీంధ్రం సాయంతోనో, ప్రయోగశాలలో సీసాలోనో తప్ప మొలకెత్తదు. మట్టిలో చల్లితే మొలిచేది ఏ గడ్డి మొక్కో.

ఇలాగే నష్టపోయినవారుంటే కుండీ విప్పేటప్పుడు వీడియో తీయండి, చెల్లింపు రసీదు, అమ్మకందారుతో జరిగిన సందేశాలు చెరిపేయకండి. వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. అడవి మొక్క అన్న అనుమానముంటే మల్లేశ్వరం అరణ్య భవన్‌లోని అటవీశాఖ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి. నా ఫిర్యాదు తేలాక ఏమైందో ఇక్కడే రాస్తాను.