డెల్స్ పక్కనే ఉన్న బారబూ

షికాగో చుట్టుపక్కల పిల్లలున్న తెలుగు ఇళ్లలో విస్కాన్సిన్ డెల్స్ చూడనివాళ్లు అరుదు. వాటర్ పార్కులు, స్లైడ్లు, చేతికి ప్లాస్టిక్ పట్టీలు, సాయంత్రానికి ఒళ్లంతా క్లోరిన్ వాసన. తిరిగొచ్చేటప్పుడు టైముంటే డెవిల్స్ లేక్ అనే సరస్సు దగ్గర కాసేపు ఆగి, నాలుగు ఫోటోలు తీసుకుని కారెక్కేస్తాం. నన్నడిగితే ఇది తలకిందుల లెక్క. డెల్స్‌కి దక్షిణంగా, కారులో ఇరవై నిమిషాల లోపే, ఆ సరస్సు దగ్గరే బారబూ అనే చిన్న ఊరుంది. అక్కడ మకాం పెట్టి, పిల్లలు మరీ గోల చేస్తే డెల్స్‌కి ఓ పూట వెళ్లిరావడం మేలు. ముఖ్యంగా ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చి ఉన్నప్పుడు.

మా అత్తయ్యగారిది, మామయ్యగారిది జమ్మలమడుగు. వాళ్లు వచ్చిన వేసవిలో మేం మొదట డెల్స్ వైపే ఒక రిసార్టులో దిగాం. ఆన్‌లైన్లో చూపించిన రేటు ఒకటి, కౌంటర్ దగ్గర రాత్రికింతని 'రిసార్ట్ ఫీజు' కలిపి వేసింది ఇంకొకటి. నీళ్లలో కాలు కూడా పెట్టని మామయ్యగారి చేతికి కూడా పట్టీ కట్టారు. అర్ధరాత్రి దాకా వరండాలో పిల్లల పరుగులు. మర్నాడే బారబూ దగ్గర వంటగది ఉన్న కాటేజీకి మారిపోయాం. రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చా అని ముందే మెసేజ్ పెట్టి అడిగాను, భేషుగ్గా పెట్టుకోండన్నారు. కాటేజీలో టీవీ లేదు, వైఫై అంతంతమాత్రం. మా వాళ్లెవరికీ ఆ లోటు తెలియలేదు. ఊళ్లో మామూలు మోటెళ్లూ ఉన్నాయి. అక్టోబర్లో ఆకులు రంగు మారే శనాదివారాల్లో మాత్రం వాటి రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. డెవిల్స్ లేక్ పార్కులోనే టెంటు వేసుకుందామంటే పదకొండు నెలల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు, వేసవి శనివారాలు ఇట్టే అయిపోతాయి.

డెవిల్స్ లేక్ 1911లో స్టేట్ పార్కయింది. విస్కాన్సిన్ పార్కులన్నిటిలోకీ ఎక్కువ జనం వచ్చేది ఇక్కడికే. అందుకే మొదటి సలహా: శనివారం వద్దు. ఎండ కాసిన శనివారమైతే మధ్యాహ్నానికల్లా పార్కింగ్ నిండిపోతుంది. కారుకి పార్కు ప్రవేశపు స్టిక్కర్ తప్పనిసరి, ఇల్లినాయ్ నంబర్ ప్లేటుకి ధర ఎక్కువ. అసలీ సరస్సు ఎలా పుట్టిందో తెలుసుకుని చూస్తే ఆ డబ్బు బాధ కొంత తగ్గుతుంది. ఒకప్పుడు ఈ కొండల మధ్య నుంచి ఒక నది పారేది. హిమయుగంలో మంచు వచ్చి రెండు వైపులా రాళ్లూ మట్టీ కుప్పలు పోసి వెనక్కి తగ్గింది. అలా రెండు కొసలా కట్టపడి మధ్యలో నిలిచిపోయిన 360 ఎకరాల నీరు ఇది. చుట్టూ 500 అడుగుల ఎత్తున నిటారుగా కొండలు. ఈ ప్రాంతపు ఆదివాసులైన హో-చంక్ ప్రజలకు ఇది పవిత్రమైన చోటు. వాళ్ల పూర్వీకుల కాలం నాటి పక్షి ఆకారపు మట్టిదిబ్బ దక్షిణపు ఒడ్డు దగ్గర ఇప్పటికీ ఉంది. పిల్లల్ని దాని మీదికి ఎక్కనివ్వకండి.

ఈ కొండల రాయి క్వార్ట్జైట్. లేత గులాబీ, అక్కడక్కడా వంకాయ రంగు. మామయ్యగారు చూడగానే "మన గండికోట రాయి మాదిరే ఉందే" అన్నారు. ఆయన ఊరికే అన్నా, గండికోట లోయలో ఉన్నదీ క్వార్ట్జైటే. ఒక బండ మీద సన్నని మడతలు కనిపిస్తే వేళ్లతో తడిమి చూశాం. సముద్రపు ఒడ్డున ఇసుక మీద అల వెళ్లిపోయాక మిగిలే గీతలు అవి. 160 కోట్ల ఏళ్లకు పైబడ్డ ఇసుక అది, గట్టిపడి రాయైపోయినా గీతలు చెరగలేదు. మామయ్యగారు ఆ బండ దగ్గర నుంచి ఓ పట్టాన కదల్లేదు.

ఏ దారిలో నడవాలన్నది మోకాళ్లని బట్టి తేల్చుకోవాలి. ఫోటోల్లో అందరూ పెట్టే బ్యాలెన్స్‌డ్ రాక్, డెవిల్స్ డోర్‌వే అనే వింత ఆకారపు బండలు రెండూ తూర్పు కొండ మీద ఉన్నాయి. దక్షిణపు ఒడ్డు నుంచి బ్యాలెన్స్‌డ్ రాక్‌కి దారి పొట్టిదే కానీ మొత్తం నిటారు రాతి మెట్లు. వేలమంది బూట్ల కింద అరిగి అరిగి ఆ మెట్లు అద్దాల్లా నునుపెక్కాయి. చినుకు పడిందంటే కాలు నిలవదు. పైన రెయిలింగులు ఉండవు, చిన్నపిల్లలుంటే చేయి వదలడానికి లేదు. మా వారు, పెద్దమ్మాయి ఎక్కి వచ్చారు. దిగడమే కష్టమైందట. పడమటి కొండ దారి కాస్త నయం, పైనుంచి సరస్సు మొత్తం కనిపిస్తుంది, కానీ అక్కడా ఎక్కడం తప్పదు. అత్తయ్యగారికి సరిపడింది టంబుల్డ్ రాక్స్ ట్రెయిల్. పడమటి కొండ పాదం వెంబడి, పైనుంచి దొర్లిపడిన లారీలంత బండల మధ్య నుంచి, నీళ్లని ఆనుకుని వెళ్తుంది. చాలామటుకు తారు వేసిన దారే. అక్కడక్కడా ఎగుడుదిగుళ్లున్నాయి కాబట్టి వీల్‌చైర్‌కి నేను సిఫారసు చేయను. ఆవిడ చీర మీద స్పోర్ట్స్ షూ వేసుకుని, రెండు చోట్ల కూర్చుని, హాయిగా నడిచారు.

ఉత్తరం, దక్షిణం రెండు ఒడ్డుల్లోనూ ఈతకు బీచీలున్నాయి. లైఫ్‌గార్డులు ఉండరు. పెట్రోలు పడవలకు అనుమతి లేదు కాబట్టి సరస్సు మీద రొద లేదు. కయాక్ అద్దెకు తీసుకోవచ్చు. తూర్పు ఒడ్డున రైలు పట్టాలున్నాయి, గూడ్సు బండి వచ్చినప్పుడు కొండలు మారుమోగుతాయి. గడ్డిలో నడిచొచ్చాక కాళ్లు, చెవుల వెనక ఒకసారి చూసుకోండి. ఇక్కడి టిక్కులు (రక్తం పీల్చే చిన్న పురుగులు) కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు.

పార్కు బాగుంటుందని తెలిసే వెళ్లాం. తెలియకుండా వెళ్లి అబ్బురపడింది ఇంటర్నేషనల్ క్రేన్ ఫౌండేషన్ అనే కొంగల సంరక్షణ కేంద్రం దగ్గర. 1973లో జార్జ్ ఆర్చిబాల్డ్, రాన్ సౌవీ అనే ఇద్దరు పక్షిశాస్త్రవేత్తలు సౌవీ కుటుంబానికి చెందిన గుర్రాల ఫారంలో దీన్ని మొదలుపెట్టారు. ప్రపంచంలో ఉన్న 15 జాతుల క్రేన్ కొంగలనూ ఒకేచోట చూపించేది ఇదే. మన సారసం ఇక్కడ మనిషెత్తున నిలబడి ఉంటుంది, మెడ పైభాగమంతా ఎర్రగా, ఈకల్లేకుండా. జంట కలిసి కూసింది. మగది ఒకసారి అంటే ఆడది రెండుసార్లు అంటుంది. ఆ కూత చెవిన పడేదాకా మా చిన్నది ఫోన్ దించలేదు. వాల్మీకి చూసిన క్రౌంచ పక్షులు ఇవేనంటారు కొందరని మామయ్యగారు చెప్పి, "మా నిషాద" శ్లోకం అక్కడే చదివారు. పక్కనున్న అమెరికన్ పెద్దావిడ అర్థం అడిగితే మా పెద్దమ్మాయి తనకు తెలిసినంతలో చెప్పింది.

సైబీరియన్ కొంగ ముందు మాత్రం మనసు చివుక్కుమంది. ఒకప్పుడు చలికాలంలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వచ్చేవి, 2002 తర్వాత అక్కడ కనిపించలేదు. ఉత్తర అమెరికా కొంగైన హూపింగ్ క్రేన్ కథ వేరు. 1941 నాటికి ఇరవై చిల్లర మిగిలిన జాతి అది. టెక్స్ అనే ఆడ హూపింగ్ క్రేన్ మనుషుల చేతుల్లో పెరిగి, మనుషుల్నే జత అనుకుంది. గుడ్డు పెట్టించడానికి ఆర్చిబాల్డ్ స్వయంగా దాని ముందు రెక్కలాడిస్తున్నట్టు చేతులాడిస్తూ గంతులేసేవాడు. ఏళ్ల తరబడి ఆ తంటా పడ్డాక, కృత్రిమ గర్భధారణతో 1982లో ఒక పిల్ల పుట్టింది. టిక్కెట్ డబ్బు పూర్తిగా గిట్టుబాటయింది ఇక్కడే. చలికాలంలో మూసేస్తారు, చూసుకుని వెళ్లండి.

సర్కస్ వరల్డ్ మ్యూజియం గురించి ఎక్కువ చెప్పను. రింగ్లింగ్ సోదరులు 1884లో సర్కస్ మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. చెక్కుడు పనితనం ఉన్న పాత బండ్లు బాగున్నాయి. వేసవిలో ఆటలున్నప్పుడైతేనే వెళ్లండి, మిగతా రోజుల్లో పిల్లలకు విసుగు. మ్యాన్ మౌండ్ పార్కు ఊరవతల పొలాల మధ్య ఉంటుంది, టిక్కెట్ లేదు. అమెరికాలో మనిషి ఆకారంలో కట్టిన మట్టిదిబ్బల్లో ఇంకా నిలిచి ఉన్నది ఇదొక్కటే. వందేళ్ల కిందట రోడ్డు వేసేటప్పుడు దాని కాళ్లు నరికేశారు. పది నిమిషాలు చాలు, కానీ చూడాలి.

తిండికి ఊళ్లో శాకాహారులకు పిజ్జా, చీజ్ కర్డ్స్ (తాజా చీజ్ ముక్కలు) తప్ప పెద్దగా దిక్కులేదు. తాజా కర్డ్స్ పళ్ల కింద కీచుమంటాయి, పిల్లలకు అదో సరదా. పులిహోర, పెరుగన్నం కాటేజీ నుంచే కట్టుకెళ్లాం. కల్వర్స్ అనే బర్గర్ల చెయిన్ తొలి దుకాణం 1984లో తెరిచింది దగ్గర్లోని సాక్ సిటీలోనే, ఐస్‌క్రీమ్ లాంటి వాళ్ల కస్టర్డ్ అక్కడ తింటే సరి.

షికాగో వైపు తిరిగొచ్చేటప్పుడు మ్యాప్ చెప్పే దారి వదిలి, 113వ నంబర్ రోడ్డు మీద మెరిమాక్ దగ్గర విస్కాన్సిన్ నదిని పంటు మీద దాటండి. కారుతో సహా ఉచితం. ఆదివారం సాయంత్రం క్యూ ఉంటుంది, శీతాకాలంలో పంటు నడవదు.