మూడున్నరేళ్లు వాడాక: ఆ పచ్చ బాణం మీద నా ఫిర్యాదు

డీఎన్‌ఏ డిజైన్ చేసుకునే ఈ సాఫ్ట్‌వేర్ గురించి మొదటి ఏడాది కనిపించిన వాళ్లందరి దగ్గరా డప్పు కొట్టింది నేనే. అందుకే ఇప్పుడు ఇది రాయడం కాస్త మొహమాటంగా ఉంది. ప్లాస్మిడ్ (బాక్టీరియాలోకి పంపే గుండ్రటి డీఎన్‌ఏ) మ్యాప్ గీయడం, ప్రైమర్లు (డీఎన్‌ఏ కాపీ చేయడానికి వాడే చిన్న ముక్కలు) రాసుకోవడం, డీఎన్‌ఏ ముక్కల్ని అతికించే క్లోనింగ్‌ను స్క్రీన్ మీదే ఒకసారి జరిపి చూసుకోవడం లాంటివన్నీ దీని జోలికి వచ్చినవాళ్లకి తెలిసినవే, వాటి గురించి చెప్పను. నా గొడవంతా ఒక్క ఫీచర్‌తో. సీక్వెన్స్, అంటే డీఎన్‌ఏ అక్షరాల (ఏ, టీ, జీ, సీ) వరుస, పేస్ట్ చేయగానే అందులోని భాగాల్ని తనే గుర్తుపట్టి, పేర్లు పెట్టి, రంగు బాణాలు గీసే ఆటో-అనోటేషన్ ఉంది చూశారూ, దానితో.

నిజం చెప్పాలంటే నేను పడిపోయింది కూడా దానికే. పేరూ ఊరూ లేని ఐదు వేల అక్షరాల ఫైల్ ఎవరో పంపుతారు. పేస్ట్ చేస్తే రెప్పపాటులో ఇదిగో ఆరిజిన్, ఇదిగో ఆంపిసిలిన్ రెసిస్టెన్స్ జీన్, ఇదిగో టెర్మినేటర్ అంటూ చక్రం చుట్టూ రంగులు పరుచుకుంటాయి. అంతకుముందు ఆ పని చేతితో చేస్తే ఒక పూట పట్టేది.

రెండో ఏడాదిలో మేం బాక్టీరియాలో ఒక చిన్న జన్యు సర్క్యూట్ కట్టాం. ఈ రంగంలో మొదట నేర్పే పాఠం లాంటిది. టెట్‌ఆర్ అనే రిప్రెసర్ (జీన్‌ని ఆపేసే ప్రొటీన్) ఎప్పుడూ తయారవుతూ ఉండాలి, పీ-టెట్ అనే ప్రమోటర్ (జీన్‌ని నడిపే స్విచ్ లాంటి డీఎన్‌ఏ భాగం) మీద కూర్చోవాలి. అది కూర్చున్నంతసేపూ పచ్చగా వెలిగే ప్రొటీన్ జీఎఫ్‌పీ రాకూడదు. ఏటీసీ అనే రసాయనం వేస్తే టెట్‌ఆర్ లేచిపోయి కల్చర్ పచ్చగా వెలగాలి. టెట్‌ఆర్‌ని నడిపే ప్రమోటర్ ఉన్న ప్లాస్మిడ్ వేరే గ్రూప్ నుంచి వచ్చింది. వాళ్ల ఫైల్లో ఉత్త అక్షరాలే, లేబుళ్లు లేవు. పేస్ట్ చేశాం, టెట్‌ఆర్ ముందు పచ్చ బాణం పడింది: జే23100. బలమైన ప్రమోటర్, మాకు కావలసింది అదే. ముందుకు వెళ్లిపోయాం.

ఏటీసీ వేయని ట్యూబులు కూడా వెలిగాయి. మసగ్గా కాదు, నీలి లైటు కింద చేత్తో పట్టుకుని చూస్తే తెలిసిపోయేంత. ఇక మొదలైంది టెన్షన్. ముందు వెలుగు కొలిచే ప్లేట్ రీడర్ గెయిన్‌ని అనుమానించాం. బాక్టీరియా పెరిగే ద్రవానికే (మీడియా) కాస్త మెరుపు ఉంటుంది కదా అని మీడియా మార్చాం. ఎక్కడైనా ఏటీసీ కలిసిపోయిందేమోనని బాటిళ్లన్నీ పారబోసి కొత్తవి కలిపాం. ఒక్కో కణంలో ప్లాస్మిడ్ కాపీలు ఎక్కువై ఉంటాయని జీఎఫ్‌పీని తక్కువ కాపీల ప్లాస్మిడ్‌లోకి మార్చాం, వెలుగు తగ్గింది గానీ పోలేదు. చివరికి డీఎన్‌ఏ అక్షరాల్ని చదివించే సీక్వెన్సింగ్‌కి పంపాం. వచ్చిన రీడ్‌ని మ్యాప్ మీద పెట్టి చూస్తే నూటికి నూరు సరిపోయింది. ఒక్క అక్షరం తేడా లేదు. ఆ రోజు నేను ఇంటికి ఎలా వెళ్లానో నాకే గుర్తులేదు.

రెండు నెలలు అలా గడిచాక మా జూనియర్ అమ్మాయి, "అక్కా, ఒకసారి ఇటు రా" అంది. ఫ్రిజ్ తలుపు మీద ఎప్పుడో అంటించిన ఆండర్సన్ ప్రమోటర్ల (జే23100 కుటుంబం) పట్టిక ముందు ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడి ఉంది. "ఇది జే23100 అయితే మైనస్ 10 బాక్స్‌లో టీఏసీఏజీటీ ఉండాలి. మన దాంట్లో టీఏసీఏఏటీ ఉందక్కా."

మైనస్ 10, మైనస్ 35 బాక్సులంటే ప్రమోటర్ బలాన్ని నిర్ణయించే ఆరేసి అక్షరాల భాగాలు. వేలు పెట్టి చదువుకుంటూ వెళ్లాం. ప్రమోటర్ మొత్తం 35 అక్షరాలు. మైనస్ 35 బాక్స్‌లో టీటీజీఏసీజీ ఉండాల్సిన చోట టీటీటీఏటీజీ. అక్కడ రెండు, ఇక్కడ ఒకటి. మూడు అక్షరాల తేడా. పట్టికలో వెతికితే దొరికింది: జే23114. పట్టిక ప్రకారం దాని బలం జే23100లో పదో వంతు. అంటే టెట్‌ఆర్ చాలినంత తయారవ్వక పీ-టెట్ తెరుచుకునే ఉంది. పంపినవాళ్లు తమ అవసరానికి బలహీనమైనదే వాడుకున్నారు, వాళ్ల తప్పేం లేదు. ట్యూబులో డీఎన్‌ఏ, ఫైల్లో అక్షరాలు, సీక్వెన్సింగ్ రీడ్ మూడూ ఒక్కటే. అబద్ధం చెప్పింది బాణం మీది పేరు ఒక్కటే. మేం రెండు నెలలూ ఆ పేరునే చదివాం, దాని కింద ఉన్న అక్షరాల్ని చదవలేదు.

ఆ బాణం మీద మౌస్ పెడితే చిన్న అక్షరాల్లో '91 శాతం' అని వచ్చింది. 35లో 32 అంటే అంతే కదా. సెట్టింగుల్లో లోపలికి, ఇంకా లోపలికి వెళ్తే తెలిసింది, 90 దాటితే చాలు, దాని లైబ్రరీలో దగ్గరగా ఉన్నదాని పేరు తగిలించేస్తుంది. లైబ్రరీలో ఈ కుటుంబం మొత్తం లేదు, ఒకటీ రెండే ఉన్నాయి. బాణం రంగేమో నూరు శాతం సరిపోయినా 91 సరిపోయినా ఒకటే పచ్చ.

ఉజ్జాయింపు పోలిక తప్పని నేను అనను. ఆంపిసిలిన్ రెసిస్టెన్స్ జీన్ 861 అక్షరాలు. అందులో పదిచోట్ల తేడా ఉన్నా అది చాలాసార్లు అదే పని చేస్తుంది, అదే పేరుతో చూపించడమే మేలు. కానీ జీన్‌కీ ప్రమోటర్‌కీ ఒకే గీటురాయి ఏమిటి? 35 అక్షరాల దాంట్లో మూడు మారితే మిగిలేది ఇంకేముంది? కనీసం బాణానికి గీతల అంచు పెట్టినా మాకు రెండు నెలలు మిగిలేవి. మూడు అక్షరాలు మార్చి, మళ్లీ బాక్టీరియాలోకి ఎక్కించి చూడ్డానికి పట్టింది ఒక్క వారం. ఏటీసీ లేని ట్యూబులు బుద్ధిగా చీకట్లో కూర్చున్నాయి.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ఇదే సాఫ్ట్‌వేర్ ఇంకోసారి నన్ను కాపాడింది. కోడాన్లు ఆప్టిమైజ్ చేయించిన (అదే ప్రొటీన్ వచ్చేలా అక్షరాలు మార్చిన) జీన్ మధ్యలో జీజీటీసీటీసీ దాక్కుని ఉంటే, ముక్కల్ని కోసి అతికించే గోల్డెన్ గేట్ పద్ధతి సిమ్యులేషన్ అక్కడే ఆగి, కోసే ఎంజైమ్ బ్సా-వన్ ఇక్కడ కూడా కోస్తుందని చూపించింది. ఆర్డర్ ఇవ్వకముందే. అయితే ఆ జీన్‌ని ఆప్టిమైజ్ చేసింది కూడా ఇదే సాఫ్ట్‌వేర్‌లోని ఇంకో బటన్ అని గుర్తొస్తే కృతజ్ఞత సగమవుతుంది.

సెల్లో అనే ప్రోగ్రామ్ లాగా లాజిక్ రాసిస్తే డీఎన్‌ఏ తీసిస్తుందా అని కొందరు అడుగుతుంటారు. లేదు, ఇది గీసుకునే బల్ల మాత్రమే. ఆ మాటకొస్తే 2016లో వచ్చిన సెల్లో పేపర్‌లోనే 60 సర్క్యూట్లు డిజైన్ చేస్తే 45 మాత్రమే అన్ని స్థితుల్లోనూ అనుకున్నట్టు నడిచాయి. అది చిన్న సంఖ్యేం కాదు, అక్కడ ప్రతి లాజిక్ గేటునీ ముందే కొలిచి పెట్టుకున్నారు కాబట్టి సాధ్యమైంది. మేం ఒక్క ప్రమోటర్‌ని కూడా కొలవకుండా పేరు చూసి నమ్మాం.

మరి కొనాలా అంటే, మీ పని ఎలాంటిదో చూసుకోండి. సీక్వెన్సులు మీరే రాసి, మీరే డీఎన్‌ఏ తయారీకి (సింథసిస్) ఇచ్చేవాళ్లైతే ఈ ఇబ్బంది మీకు ఎప్పటికీ రాకపోవచ్చు. మాది నలుగురి గ్రూప్, సగం ప్లాస్మిడ్లు ఎవరో ఒకరు పంపినవే, ఫైళ్లేమో జెన్‌బ్యాంక్ ఫార్మాట్‌లో లేబుళ్లు ఉండీ లేనట్టు వస్తాయి. ఎస్‌బీఓఎల్ అనే ఫార్మాట్‌లో పంపితే ఏ భాగం ఏదో గుర్తింపు కూడా వెంట వస్తుంది, కానీ మాకు అలా పంపినవాళ్లు ఇంతవరకూ ఒక్కరే.

నేను మాత్రం మానలేదు. మూడున్నరేళ్ల మ్యాపులన్నీ ఇందులోనే ఉన్నాయి, వేరేదానికి మారే ఓపిక లేదు. పేరు తగిలించే హద్దు 100కి పెట్టాను. ఇప్పుడు సగం మ్యాపులు బాణాల్లేకుండా బోసిగా కనిపిస్తాయి, అక్కడ అక్షరాలు చదువుకుంటాం. మా జూనియర్ ఆ పట్టికకి లామినేషన్ చేయించింది. మొన్న అప్‌డేట్ వచ్చాక అనుమానం వచ్చి సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే, హద్దు మళ్లీ 90కి వచ్చి కూర్చుంది.