గేర్‌బాక్స్ ఆయిల్ లీకు: అట్టముక్కతో పట్టాలా, మెరిసే రంగుతోనా?

పాత ఆటోమేటిక్ బండి కింద ఎర్రటి మరక కనబడగానే సీల్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) మార్చేయమంటారు చాలామంది. తొందరపడకండి, ముందు ఎక్కడ కారుతోందో తేల్చుకోండి.

మొదటి దారి, రాత్రి బండి కింద అట్ట పరచడం. దానికి ఖర్చేమీ లేదు. కానీ ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిల్ పాతబడితే ఎరుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది, ఇంజిన్ ఆయిల్ అని పొరబడతాం. పైగా చుక్క పడిన చోటే లీకు ఉండాలని లేదు. బండి పరుగులో గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది.

అయినా ఎప్పుడు కారుతోందో అట్టముక్కే బాగా చెబుతుంది. బండి రోజుల తరబడి కదలకపోతే టార్క్ కన్వర్టర్‌లోని (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఆయిల్ కిందికి దిగి పాన్‌లో, అంటే గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, మట్టం పెరుగుతుంది. అప్పుడు మాత్రమే కారితే గేరు మార్చే షాఫ్ట్ సీల్ లాంటి, పాన్‌కు కాస్త పైనున్న చోట్లను అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగానే కారితే గేర్‌బాక్స్ ముందువైపున్న పంపు సీల్, ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ గొట్టాలు చూడాలి. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

రెండో దారి, ఆయిల్‌లో అతినీలలోహిత కాంతికి మెరిసే రంగు కలపడం. ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కు పనికొచ్చే రంగే వాడాలి. అడుగుభాగం కడిగి, కొంతదూరం నడిపి, అతినీలలోహిత దీపం వేసి చూడండి. మెరిసే జాడలో అన్నిటికన్నా పైన, ముందున ఉన్న చోటే సాధారణంగా మూలం.

నేనైతే అట్టతో మొదలుపెట్టి, చోటు తేలకపోతేనే రంగు కలుపుతాను. ఏది చేసినా, జాకీ ఒక్కటే ఉన్న బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు తప్పనిసరి.