షాంఘై నుంచి సుజౌకి గైడ్‌తో ఒక రోజు: ఎనిమిదిసార్లు వెళ్లొచ్చాక

2017లో మా ఆయన ఉద్యోగం కోసం షాంఘై వచ్చాం. అప్పటి నుంచి మా ఇంటికి ఊరి నుంచి ఎవరొచ్చినా ఒకరోజు రైల్లో, పాత తోటలకూ పట్టుకూ పేరున్న సుజౌ తీసుకెళ్తాను. ఇప్పటికి ఎనిమిదిసార్లు అయింది. అందులో మూడుసార్లు టూర్ కంపెనీ గ్రూపుతో, నాలుగుసార్లు మా కోసమే మాట్లాడుకున్న గైడ్‌తో, ఒక్కసారి ఎవరూ లేకుండా మేమే వెళ్లాం. చైనాలో మేం పెట్టిన ఖర్చుల్లో నాకు బాగా తృప్తినిచ్చింది ఇదే. ఒక ప్రయాణం మాత్రం చాలా బాధపెట్టింది, దాని గురించీ చెబుతాను.

ముందు రైలు సంగతి. మా నాన్న గుంతకల్లు డివిజన్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. 2018లో ఆయన్ని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు సుజౌ తోటల కన్నా ఆయనకు రైలే ముఖ్యం. షాంఘై నుంచి సుజౌ సుమారు 84 కిలోమీటర్లు. జీ అక్షరంతో మొదలయ్యే హైస్పీడ్ రైలు దాదాపు అరగంటలో చేరుస్తుంది. మా ధర్మవరంలో ప్యాసింజర్ ఎక్కితే ఆ అరగంటలో అనంతపురం స్టేషన్ కనిపించేది. నాన్న కిటికీ పక్కన కూర్చుని వాచీ చూస్తూ, పెట్టె చివర బోర్డు మీద వేగం 300 దగ్గరికి రాగానే నా చేయి పట్టుకున్నారు. "పట్టాల జాయింట్ల చప్పుడే లేదు, చూశావా?" అన్నారు. స్టేషన్ దాటాక పక్క ట్రాక్ కింద కంకర బదులు కాంక్రీటు పలకలుండటం కూడా ఆయనే గమనించి నాకు చూపించారు. షాంఘై, నాన్‌జింగ్ మధ్య ఈ లైను 2010లో మొదలైంది. అందరూ దీన్ని బుల్లెట్ ట్రైన్ అంటారు కానీ వాతావరణం మన ఇంటర్‌సిటీ లాగే ఉంటుంది. ఆఫీసుకెళ్లేవాళ్లు, పిల్లల తల్లులు, సంచులతో ముసలివాళ్లు ఎక్కుతుంటారు. సెకండ్ క్లాసులో వరుసకు ఐదు సీట్లు. ఏ, బీ, సీ ఒకవైపు, డీ, ఎఫ్ ఇంకోవైపు. ఇంగ్లీషు 'E' అక్షరం మాత్రం ఉండదు. కిటికీ కావాలంటే ఏ గానీ ఎఫ్ గానీ అడగండి. టికెట్ నలభై యువాన్లకు అటూఇటూ, అంటే సుమారు ఐదు వందల రూపాయలు.

టికెట్ల విషయంలో మనవాళ్లకు ఒక ప్రత్యేకమైన టెన్షన్ ఉంది, పేర్లు. చైనా రైలు టికెట్ పాస్‌పోర్టులోని పేరు మీద, నంబరు మీద ఇస్తారు. నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరుతో కలిపి నాలుగు మాటలున్నాయి. మొదటిసారి టూర్ కంపెనీ వాళ్లు ఇంటిపేరు వదిలేసి బుక్ చేశారు. స్టేషన్ కౌంటర్ దగ్గర ఇరవై నిమిషాలు పట్టింది. పక్కనే రైలు టైము దగ్గర పడుతుంటే నాన్న ముఖం చూడలేకపోయాను. అప్పటి నుంచి ఎవరు బుక్ చేసినా పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో పంపి, పేరు ఉన్నది ఉన్నట్టు, అదే వరుసలో పెట్టమని రాసి మరీ అడుగుతాను. అప్పట్లో కాగితం టికెట్ కోసం కౌంటర్‌లో లైను కట్టాల్సి వచ్చేది. 2020 నుంచి దాదాపు అంతటా ఎలక్ట్రానిక్ టికెట్టే, కాబట్టి పాస్‌పోర్టే టికెట్. హోటల్లోనో ఇంట్లోనో మర్చిపోతే ఆ రోజు ప్రయాణం ఆగినట్టే. గైడ్ ఉన్నా లేకపోయినా స్టేషన్‌కి ముప్పావుగంట ముందు చేరండి. సామాను, మనుషుల తనిఖీ ఉంటుంది, రైలు కదలడానికి కొద్ది నిమిషాల ముందే ప్లాట్‌ఫారం గేటు మూసేస్తారు. నడుస్తున్న రైలు ఎక్కే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇంకో జాగ్రత్త ఉంది. సుజౌ పేరుతో ఒకటి కాదు, చాలా స్టేషన్లున్నాయి. పాత ఊరికి దగ్గరగా ఉండేది ఉత్త "సుజౌ" స్టేషన్. "సుజౌ ఉత్తరం" బీజింగ్, షాంఘై లైను మీద ఊరికి బాగా దూరంగా ఉంటుంది. తక్కువ ధర ప్యాకేజీల్లో ఒకసారి మమ్మల్ని అక్కడే దింపారు. పొద్దున్నే గంటకు పైగా బస్సులోనే గడిచింది. బుక్ చేసేముందు ఏ స్టేషనో అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు ఆ బాధపెట్టిన ప్రయాణం. అమ్మానాన్నలతో వెళ్లిన మొదటి గ్రూపు టూరే అది. ప్యాకేజీలో రెండు తోటలు, కాలువలో పడవ, పాత వీధి, భోజనం అని రాశారు. ఒక్కో తోటకు నలభై నిమిషాలిచ్చి, జెండా పట్టుకుని పరిగెత్తించారు. పడవ ఎక్కనేలేదు, టైము చాలదన్నారు. ఆ టైమంతా ఒక పట్టు షోరూంలో పోయింది, గంటన్నర పైనే. కొనకపోతే గైడ్ ముఖం మారిపోతుంది. మా అమ్మది ధర్మవరం మగ్గాల ఇల్లు. పడుగు, పేక, కండెలు, అచ్చు ఆవిడకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పని. మా ఊళ్లో "చైనా సిల్క్" అనే మాట వినని నేతగాడు ఉండడు. చైనా నుంచి దిగుమతైన పట్టునూలు మన మగ్గాల మీద ఎన్నో ఏళ్లు నడిచింది. ఆ నూలు పుట్టిన చోటుకి వచ్చానని అమ్మ ఎంతో ఆశగా షోరూంలోకి వెళ్లింది. అక్కడ ఒక అమ్మాయి నాలుగు పట్టుగూళ్లు నీళ్లలో వేసి చూపించి, రెండు నిమిషాల్లో రజాయిల కౌంటర్ దగ్గరికి తోసేసింది. అమ్మ ఒక్క ప్రశ్న కూడా అడగలేకపోయింది.

ఒక మంచి విషయం మాత్రం అక్కడే చూసింది. రెండు పురుగులు కలిసి కట్టిన గూడు నుంచి పోగు చిక్కుపడకుండా తీయడం కష్టం. అందుకే ఇక్కడ అలాంటి జంట గూళ్లను విప్పి, సాగదీసి, పొరలు పొరలుగా పరిచి రజాయి చేస్తారు. అమ్మ చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూసింది. "మన దగ్గర దీన్ని ముతక నూలుకి వాడతారు, వీళ్లు దుప్పటి చేశారు" అంది. గైడ్ కాసేపు ఆగి ఉంటే ఆ రోజు వేరేగా ఉండేది.

తర్వాతిసారి నేను షోరూం బదులు పట్టు మ్యూజియానికి తీసుకెళ్లాను. సుజౌ పట్టు మ్యూజియం పాత ఊళ్లోనే, ఉత్తర మందిరం గోపురానికి ఎదురుగా ఉంది. ప్రవేశం ఉచితం. లోపల పాత మగ్గాలున్నాయి, ఒకటి రెండు నడిపి చూపిస్తారు కూడా. ఎత్తైన మగ్గం పైన ఒకరు కూర్చుని దారాలు లాగుతుంటే, కింద ఇంకొకరు నేస్తారు. అది చూసి అమ్మ తన మగ్గం దగ్గరకు వెళ్లినట్టే అయింది. ఆరోజు గైడ్ తనకు తెలిసినదే కాకుండా, తెలియని చోట నేసే ఆవిడను అడిగి మాకు చెప్పింది. ఇద్దరు నేతవాళ్లు భాష లేకుండా పోగులు చూపించుకుంటూ మాట్లాడుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ గైడ్‌ వల్లే ఈ ప్రయాణం విలువ నాకు తెలిసింది. సొంత గైడ్‌కి రోజుకు వెయ్యి యువాన్లకు కాస్త అటూఇటూగా ఇస్తున్నాం, రైలు, టికెట్లు, భోజనం వేరు. నలుగురు పంచుకుంటే గ్రూపు ప్యాకేజీకి పెద్ద తేడా రాదు. తేడా అంతా తోటలో తెలుస్తుంది.

సుజౌలో అందరూ వెళ్లేది జువోజెంగ్ తోట. 13 ఎకరాల లోపు ఉంటుంది, అందులో చాలా చోటు నీళ్లే. చెప్పేవాళ్లు లేకుండా చూస్తే బండలు, చెరువు, మండపాలు. ఎవరైనా ఇరవై నిమిషాల్లో తిరిగేస్తారు. పద్దెనిమిది మందిని వెంటేసుకుని మైకులో అరిచే గైడ్ చెప్పినా అంతే. మా గైడ్ మాత్రం మొదటి మండపంలోనే కూర్చోబెట్టి కథ చెప్పింది. మింగ్ రాజుల కాలంలో వాంగ్ షియెన్‌చెన్ అనే అధికారి కొలువు వదిలి వచ్చి, 1509 ప్రాంతంలో ఈ తోట మొదలుపెట్టాడు. కూరగాయలు పండించుకోవడమే చేతకానివాడి పరిపాలన అనే అర్థం వచ్చేలా పేరు పెట్టుకున్నాడు. ఆయన పోయాక కొడుకు దీన్ని ఒక్క రాత్రి జూదంలో పోగొట్టుకున్నాడని చెబుతారు. అది వినగానే అమ్మ "ధర్మరాజు కథే కదమ్మా" అంది. గైడ్‌కి నేను ఇంగ్లీషులో పాచికల కథ చెప్పాల్సి వచ్చింది. అది ఆవిడకు ఎంత నచ్చిందంటే, ఇప్పుడు ఇండియా వాళ్లు వస్తే తనే చెబుతోంది.

తర్వాత చెరువు తూర్పు వైపు ఒకచోట నిలబెట్టి, చివరిదాకా చూడమంది. నీళ్ల మీదుగా, చెట్ల మధ్య నుంచి ఒక గోపురం కనిపించింది. తోటలోదే అనుకున్నాం. కాదు, అది ఊళ్లో దూరంగా ఉన్న ఉత్తర మందిరం గోపురం, 76 మీటర్ల ఎత్తు. తమది కాని దాన్ని తమ తోటలోకి అరువు తెచ్చుకునేలా చెట్లు నాటి, గోడలు తగ్గించి కట్టారట. ఇక్కడి తోటమాలులు దీన్ని "అరువు దృశ్యం" అంటారు. ఆ చోటు కాస్త తప్పితే అది కనిపించదు. గ్రూపుతో వెళ్లినప్పుడు అదే దారిలో నడిచాం, ఒక్కరం కూడా చూడలేదు.

విసనకర్ర ఆకారంలో ఒక చిన్న మండపం ఉంది. పేరుకి అర్థం "ఎవరితో కలిసి కూర్చోను?" అని. సొంగ్ కాలపు కవి మాట అది, జవాబు కూడా ఆయనే చెప్పుకున్నాడు: వెన్నెల, చల్లగాలి, నేను. 2019లో మా అత్తయ్యను తీసుకెళ్లాను, మామయ్య పోయి అప్పటికి ఏడాది. గైడ్ చెప్పింది నేను తెలుగులో చెబితే ఆవిడ లోపలికి వెళ్లి కూర్చున్నారు. మేం బయటే ఉన్నాం. గైడ్ టైము చూసుకోలేదు, పిలవలేదు. వెనక వస్తున్న గ్రూపును కూడా ఏదో చెప్పి కాసేపు ఆపింది. తర్వాత ఎవరు అడిగినా నేను ఆవిడ పేరే చెబుతున్నాను.

పక్కనే సుజౌ మ్యూజియం. 2006లో తెరిచిన ఈ భవనం ఐ.ఎం.పేయ్ అనే ఆర్కిటెక్టు డిజైన్ చేసినది, ఆయన పూర్వీకులది ఈ ఊరే. దగ్గర్లోని సింహవనం తోట ఒకప్పుడు ఆ కుటుంబానిదే. తెల్ల గోడకు ముందు రాళ్లు నిలబెట్టి, కాగితం మీద కొండలు గీసినట్టు కనిపించేలా చేసిన చెరువు దగ్గర పది నిమిషాలు ఆగండి. ప్రవేశానికి డబ్బు లేదు, ముందే బుక్ చేయాలి, సోమవారం సెలవు. బుకింగ్ చైనీస్ యాప్‌లో ఉంటుంది కాబట్టి అది గైడ్‌కే వదిలేయండి. మ్యూజియం ఫొటో చూపించి "ఇదే ప్రోగ్రాంలో ఉంది" అని సోమవారం తీసుకెళ్లేవాళ్లను కూడా చూశాను.

భోజనం మనకు కష్టమే. సుజౌ వంట తియ్యగా ఉంటుంది, నూడుల్స్ రసం ఎముకలతో కాస్తారు. మాంసం వద్దంటే ముక్కలు తీసేసి అదే రసం పోస్తారు. "వో ఛీ సూ" అంటే శాకాహారినని అర్థం, కానీ అది చాలదు. రసంలో, నూనెలో కూడా మాంసం లేదని గైడ్ వంటింట్లో అడిగి చెప్పాలి. మా అమ్మ మాత్రం ప్రతిసారీ పులిహోర డబ్బా తెచ్చుకుంటుంది. రైల్లో తినడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. స్టేషన్‌లో, రైల్లో వేడినీళ్ల కుళాయి ఉంటుంది, వయసైన వాళ్లకు అది పెద్ద సదుపాయం. ఇంట్లో నుంచి ఫ్లాస్కు తీసుకెళ్లండి. టిష్యూ పేపర్లు కూడా తప్పకుండా పెట్టుకోండి.

గైడ్ లేకుండా ఒక్కసారి వెళ్లామన్నాను కదా, అది 2024లో మా బావగారి కుటుంబంతో. తిరగడం ఇబ్బంది కాలేదు. తోట, మ్యూజియం దగ్గరికే మెట్రో ఉంది. 2023 నుంచి విదేశీ కార్డు అలీపే అనే ఫోన్ చెల్లింపుల యాప్‌లో కలుపుకోవచ్చు కాబట్టి డబ్బు కట్టడమూ సులువే. 2018లో వచ్చినవాళ్లు నోట్లు పట్టుకుని తిరగాల్సి వచ్చేది. అయినా పిల్లలు గంటకే విసిగిపోయారు. గోపురం నేను చూపించాను, జూదం కథా చెప్పాను, కానీ ఆ కిటికీ జాలీలు ఒక్కోటి ఒక్కో డిజైన్‌లో ఎందుకున్నాయో, నేల మీద గులకరాళ్ల ముగ్గు ఏమిటో అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అక్టోబరు మొదటి వారం, మే మొదటి రోజులు, శనివారాలు వద్దు, తోటలో నిలబడటానికి చోటుండదు. తామరలు చూడాలంటే జూన్, జూలై, కానీ ఉక్కపోత మన విజయవాడ లాగే ఉంటుంది. నాకు సెప్టెంబరు చివర ఇష్టం, ఊరంతా ఓస్మాంథస్ పూల వాసన. మన పొన్నపూలు గుర్తొస్తాయి. జువోజెంగ్ తోటకు నేను చివరిసారి 80 యువాన్లు కట్టాను, చలికాలంలో పది తగ్గింది. ఇండియా పాస్‌పోర్టుకి వీసా ముందే తీసుకోవాలి, ఎయిర్‌పోర్టులో ఇచ్చే, వీసా లేకుండా కొన్ని రోజులు ఉండనిచ్చే ట్రాన్సిట్ సదుపాయం మనకు లేదు.

వచ్చే నవంబరులో మా పిన్ని వస్తోంది, ఆవిడా మగ్గం పని తెలిసిన మనిషే. గైడ్‌కి నిన్నే మెసేజ్ పెట్టాను: పొద్దున ఎనిమిదిన్నరకు షాంఘైలో రైలు, దిగేది "సుజౌ" స్టేషన్, ఒకే తోట, తర్వాత పట్టు మ్యూజియం, షాపు వద్దు, తిరుగు రైలు సాయంత్రం ఆరు దాటాక. వాడిన తామరాకుల మీద వాన వినడానికి కట్టిన ఒక మండపం ఉందట, అది నేను ఇంకా చూడలేదు. ఆ రోజు వాన పడితే అక్కడే కూర్చుందాం అని జవాబిచ్చింది.