పాత మోటార్ కంట్రోలర్‌లో 89సి51 తీసి 89ఎస్52 పెట్టాక

మా అపార్ట్‌మెంట్‌లో సంపు నుంచి పైట్యాంకుకి నీళ్లెక్కించే కంట్రోలర్‌లో అట్మెల్ 89సి51 అనే మైక్రోకంట్రోలర్ చిప్ (బోర్డుని నడిపే ప్రోగ్రామ్ ఉండేది ఇందులోనే) ఉండేది. రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్ భేషుగ్గా ఉన్నా చిప్ మొరాయించడం మొదలెట్టింది. బోర్డే మార్చేయమన్నారు అందరూ. నాకు మనసొప్పలేదు. కోఠి గుజరాతీ గల్లీ నుంచి అదే జాతి చిప్ 89ఎస్52 తెచ్చి పెట్టాను. కొన్నేళ్లుగా అదే నడుస్తోంది.

పెట్టడం తేలికే. 40 పిన్నులూ అదే వరుసలో ఉంటాయి, చిప్‌కి క్లాక్ ఇచ్చే 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ కూడా మార్చక్కర్లేదు. పాత చిప్‌లో లాక్ బిట్లు (లోపలి కోడ్ చదవనీయకుండా వేసే తాళాలు) వేయలేదు కాబట్టి యూనివర్సల్ ప్రోగ్రామర్‌తో హెక్స్ ఫైలు, అంటే అందులోని ప్రోగ్రామ్, చదివి, ఉన్నదున్నట్టు కొత్తదాంట్లో ఎక్కించాను. రెండింటికీ మెషీన్ సైకిల్ (చిప్ పనిలో ఒక అడుగు) 12 క్లాకులే, అందుకే కోడ్‌లోని డిలేలు (కావాలని పెట్టిన ఆలస్యాలు) చెక్కుచెదరలేదు. ఎస్‌టీసీ12 లాంటి 1టీ చిప్ (ఒక్క క్లాకులోనే సైకిల్ ముగించేది) పెడితే లూపులతో రాసిన డిలేలన్నీ ఇట్టే అయిపోతాయి, కోడ్ సరిచేయక తప్పదు.

ఎస్52లో నాకు బాగా నచ్చింది ఐఎస్‌పీ (ఇన్-సిస్టమ్ ప్రోగ్రామింగ్). చిప్ పీకకుండానే పీ1.5, 1.6, 1.7 పిన్నుల మీదుగా ప్రోగ్రామ్ ఎక్కించొచ్చు. మా బోర్డులో మాత్రం ఆ పిన్నులకే నీటి ప్రోబుల ట్రాన్సిస్టర్లున్నాయి. సంపులో నీళ్లుంటే ట్రాన్సిస్టర్ ఆన్ అయి పిన్నుని గ్రౌండ్‌కి లాగేస్తుంది, ప్రోగ్రామర్ చిప్‌ని గుర్తుపట్టదు. ప్రోబ్ కనెక్టర్ ఊడదీస్తే పని అయిపోతుంది.

అసలు టెన్షన్ పెట్టింది ఓల్టేజీ. మోటార్ స్టార్ట్ అయిన క్షణంలో 5 ఓల్టులు కాస్త పడిపోయి, వెంటనే కోలుకుంటుంది. చిప్ రిసెట్ పిన్ను దగ్గరున్న 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, రెసిస్టర్ జోడీ అంత చిన్న తగ్గుదలకి స్పందించదు. ఎస్52లో బ్రౌన్ అవుట్ రక్షణ (ఓల్టేజీ తగ్గితే తనంతట తాను రిసెట్ అవడం) లేదు. వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఇరుక్కుపోతే చిప్‌ని రిసెట్ చేసే టైమర్) ఉన్నా రిసెట్ తర్వాత ఆఫ్‌లోనే ఉంటుంది, పాత కోడ్‌కి దాని సంగతే తెలియదు. దాంతో మొదటి ఎండాకాలంలోనే చిప్ హ్యాంగై, ట్యాంకు పొర్లింది. అప్పుడు ఆ జోడీ తీసేసి మ్యాక్స్810ఎల్ అనే రిసెట్ ఐసీ పెట్టాను. సప్లై 4.63 ఓల్టుల కిందికి దిగితే అది చిప్‌ని రిసెట్‌లో పట్టి ఉంచుతుంది. ఈ చిప్‌లది 8051 జాతి, దానికి రిసెట్ సిగ్నల్ హై కావాలి, అందుకే లో సిగ్నల్ ఇచ్చే 809 కాకుండా 810 తీసుకోవాలి. ప్రోగ్రామర్ కూడా ఆ పిన్నునే నడుపుతుంది కాబట్టి మధ్యలో 1 కిలో ఓం రెసిస్టర్ వేశాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదు.

పాత బోర్డు బతికించుకోవాలనుకునేవాళ్లు నిశ్చింతగా ఎస్52 పెట్టుకోండి, రిసెట్ ఐసీ కూడా అదే రోజు వేసేయండి. కొత్తగా డిజైన్ చేసేదానికి మాత్రం నేనిది తీసుకోను. లోపల ఏడీసీ (ఓల్టేజీని అంకెగా మార్చే భాగం) కూడా లేదు.